పార్టీకైనా, అభ్యర్థికైనా చందా ఎలా ఇవ్వాలి

పలాస నుంచి ఒక జీడిపప్పు వ్యాపారి రిటర్ను వేయించుకోవడానికి వచ్చారు. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన గులాబీరంగు రసీదు తీసి నా బల్ల మీద పెట్టారు. "పార్టీకి పదిహేను వేలు ఇచ్చీసేను బాబూ. ఇది టాక్సులో తగ్గుతాదంట కదా, వేసీ" అన్నారు. రసీదు విప్పి చూశాను. కార్బన్ కాగితం కింద పడిన మసక అక్షరాలు. ఆయన పేరు, ఆ పక్కన "గారి నుండి రూ. 15,000 ముట్టినవి" అని ఉంది. కింద గీత లాంటి సంతకం. పార్టీ పాన్ లేదు, ఆయన పాన్ లేదు. తేదీలో రోజూ నెలా ఉన్నాయి, సంవత్సరం లేదు. పైగా ఇచ్చింది నోట్ల కట్ట.

ఆయనది కష్టార్జితం. అభిమానంతో ఇచ్చారు, బదులుగా ఎవరినీ ఏమీ అడగలేదు. అయినా ఆ కాగితం పట్టుకుని నేను ఆయనకు ఒక్క రూపాయి పన్ను తగ్గించలేకపోయాను. ఆ డబ్బు పార్టీ లెక్కలోకి చేరిందో లేదో కూడా ఆయన ఎప్పటికీ తెలుసుకోలేరు. ఆ రోజు నాకు చాలా బాధనిపించింది.

శ్రీకాకుళంలో రిటర్నులు రాసుకుని బతికేవాణ్ణి కాబట్టి ఇలాంటి రసీదులు ఏటా చూస్తుంటాను. చందా ఇవ్వడం తప్పు కాదు, దాచుకోవాల్సిన పనీ కాదు. మామూలు మనుషులు ఐదొందలు, వెయ్యి, ఐదు వేలు ఇవ్వడం మానేస్తే పార్టీలు పెద్ద కాంట్రాక్టర్ల మీదే ఆధారపడతాయని నా గట్టి నమ్మకం. ఏ పార్టీకి ఇస్తారన్నది మీ ఇష్టం. ఎలా ఇవ్వాలన్నది మాత్రం ఒకసారి ఓపిగ్గా చదవండి.

మీరు ఇవ్వొచ్చా?

ముందు ఇది తేల్చుకోండి. మీరు ప్రభుత్వ ఉద్యోగి అయితే ఇక్కడే ఆగిపోండి. టీచరైనా, రెవెన్యూ ఉద్యోగైనా, గ్రామ సచివాలయంలో పనిచేసేవారైనా ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి 1964 కిందికి వస్తారు. రాజకీయ పార్టీకి చందా ఇవ్వడం, సాయం చేయడం అందులో నిషేధం. ఎన్నికల్లో ఓటు వేయడమే మీకున్న దారి. "నా పేరున కాకుండా మా ఆవిడ పేరున ఇస్తాను" అని అడిగినవాళ్లున్నారు. ఆవిడకు సొంత సంపాదన ఉండి, ఆవిడ ఇష్టంతో ఇస్తే అది ఆవిడ హక్కు. మీ జీతం ఆవిడ ఖాతాలో వేసి అక్కడినుంచి పంపిస్తే మాత్రం రేపు ఎవరైనా ఫిర్యాదు చేసినప్పుడు సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది మీరే.

ఉద్దానంలోనూ టెక్కలి వైపూ విదేశాల్లో పిల్లలున్న ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి ఈ మాట కాస్త వివరంగా చెప్పాలి. అబ్బాయి గల్ఫ్‌లో పనిచేస్తున్నాడు, చేతిలో భారత పాస్‌పోర్టే ఉంది. అలాంటప్పుడు తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు, ఇవ్వొచ్చు. అమ్మాయి అమెరికాలో పౌరసత్వం తీసుకుంది, ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే కార్డు) వచ్చి వెళ్తుంటుంది. ఆమె ఇవ్వకూడదు. ఎంత తెలుగింటి ఆడపడుచైనా చట్టం దృష్టిలో అది విదేశీ డబ్బే. పార్టీలూ, అభ్యర్థులూ విదేశీ డబ్బు తీసుకోవడాన్ని 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం నిషేధించింది. నాన్న ఖాతాకు పంపి ఆయన చేత ఇప్పించినా డబ్బు మూలం మారదు.

వ్యాపారస్తులకు ఒక్క మాట. దుకాణం మీ సొంత పేరున నడుస్తుంటే అది మీ డబ్బే, మామూలుగా ఇవ్వండి. ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఆ డబ్బు కంపెనీది. బోర్డు తీర్మానం కావాలి, కంపెనీ పెట్టి మూడు ఆర్థిక సంవత్సరాలు నిండాలి, పరిమితి కూడా ఉంది. కంపెనీ చెక్కు బుక్కులోంచి మీ అభిమానాన్ని చూపించకండి.

పార్టీకా, మనిషికా?

మన దగ్గర చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. "మా ఎమ్మెల్యే గారికి ఇచ్చానంటే పార్టీకి ఇచ్చినట్టే కదా" అంటారు. కాదు. పార్టీకి ఇచ్చింది పార్టీ ఖాతాలో పడుతుంది, పార్టీ కోశాధికారి లెక్క చెబుతారు, మీకు పన్ను మినహాయింపు దొరికే వీలుంది. అభ్యర్థికి ఇచ్చింది ఆయన ఎన్నికల ఖాతాలో పడుతుంది, ఆయనే జిల్లా ఎన్నికల అధికారికి లెక్క చెబుతారు, మీకు మినహాయింపు రాదు. స్వతంత్ర అభ్యర్థికి ఇచ్చినా అంతే. సర్పంచ్ ఎన్నికలు మన రాష్ట్రంలో పార్టీ గుర్తుల మీద జరగవు కాబట్టి, సర్పంచ్‌గా నిలబడ్డ మీ బావగారికి ఇచ్చిన డబ్బుకూ పన్నులో ఏమీ రాదు. ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, మినహాయింపు కోసం మాత్రం ఎదురుచూడకండి.

పార్టీకి ఇచ్చేటప్పుడు

పార్టీ నమోదైందో లేదో చూడండి. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 29ఎ సెక్షన్ కింద కేంద్ర ఎన్నికల సంఘం దగ్గర నమోదైన పార్టీలకే ఈ లెక్కలన్నీ వర్తిస్తాయి. పెద్ద పార్టీల విషయంలో అనుమానమే ఉండదు. పేరు ఎప్పుడూ వినని పార్టీ అయితే ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో జాబితా తెరిచి వెతకండి. పాత జాబితాను నమ్ముకోవద్దు. ఆరేళ్లుగా ఒక్క ఎన్నికలోనూ పోటీ చేయని పార్టీలను ఎన్నికల సంఘం 2025 ఆగస్టులో 334, సెప్టెంబరులో మరో 474 జాబితాలోంచి తీసేసింది.

తర్వాత ఖాతా. పార్టీ వెబ్‌సైట్‌లో ఇచ్చిన చందా పేజీ నుంచి కట్టడం అన్నిటికన్నా తేలిక. పార్టీ ఆఫీసులో క్యూఆర్ కోడ్ పెట్టి ఉంటే స్కాన్ చేయండి, కానీ పిన్ నంబరు కొట్టే ముందు తెర మీద కనిపించే పేరు చదవండి. అక్కడ పార్టీ పేరు ఉండాలి. మండల నాయకుడి పేరో, ఆయన బావమరిది పేరో, ఏదైనా ఎంటర్‌ప్రైజెస్ అనో కనిపిస్తే వెనక్కి వచ్చేయండి. అది ఆ మనిషికి మీరు పంపిన డబ్బు అవుతుంది, పార్టీకి ఇచ్చింది కాదు. చెక్కు రాసేటట్టయితే పార్టీ పూర్తి పేరు రాసి, పైన రెండు గీతలు గీసి, అకౌంట్ పేయీ అని రాయండి. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి "పేరు మీరే రాసుకోండి" అని చేతిలో పెట్టకండి.

నగదు సంగతి వేరేగా చెప్పాలి, ఎందుకంటే అందరికీ అలవాటైంది అదే. ఒక మనిషి దగ్గర 2,000 రూపాయలకు మించి నగదుగా విరాళం తీసుకుంటే పార్టీ తన సొంత ఆదాయపు పన్ను మినహాయింపుకు ఎసరు పెట్టుకున్నట్టే. ఈ నిబంధన 2017 నుంచి ఉంది. మీ వైపు నుంచి చూస్తే లెక్క ఇంకా కఠినం: నగదుగా ఇచ్చిన ఒక్క రూపాయికీ మినహాయింపు లేదు, 2,000 లోపైనా సరే. సభలో డబ్బా తిప్పితే వంద వేయండి, సంతోషం. రసీదు పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చి "ఇరవై వేలు క్యాష్ ఇవ్వండి, రెండేసి వేల చొప్పున పది పేర్ల మీద రాసుకుంటాం" అంటే ఒప్పుకోకండి. ఆ పది పేర్లలో మీ ఇంట్లోవాళ్ల పేర్లు కూడా ఉంటాయి. అబద్ధపు లెక్కకు మీరు సాక్షి అవుతారు.

ఎంతవరకు ఇవ్వొచ్చు? వ్యక్తికి గరిష్ఠ పరిమితి లేదు. ఒక ఆర్థిక సంవత్సరంలో మీరు ఒక పార్టీకి ఇచ్చింది 20,000 రూపాయలు దాటితే మాత్రం ఆ పార్టీ మీ పేరు, చిరునామా, పాన్, మొత్తం రాసి ఎన్నికల సంఘానికి ఫారం 24ఎ లో నివేదించాలి. ఆ నివేదిక వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తుంది. మీ కాంపిటీటర్‌కీ, అవతలి పార్టీలో ఉన్న మీ తోడల్లుడికీ కూడా. ఇది ముందే తెలుసుకుని ఇవ్వండి. పేరు బయటకి రావడమే నాకు సరైనదనిపిస్తుంది. పేరు బయటపడకుండా ఇవ్వడానికి 2018లో ఎలక్టోరల్ బాండ్లు వచ్చాయి. ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందంటూ 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. ఇప్పుడు ఎవరైనా బాండు కొనిపెడతానంటే నమ్మకండి, అవి లేవు.

ఒకే పార్టీకని కాకుండా ఇవ్వాలనుకునేవాళ్లకు ఎలక్టోరల్ ట్రస్టులున్నాయి, అంటే చందాలు తీసుకుని పార్టీలకు పంచే సంస్థలు. ట్రస్టుకు ఇచ్చినా పన్ను మినహాయింపు ఉంటుంది. ఆ డబ్బు ఏ పార్టీకి వెళ్లాలో చెప్పేది మీరు కాదు, అందుకే మా వైపు మామూలు మనుషులు ట్రస్టుకు ఇవ్వడం నేను ఇంతవరకు చూడలేదు.

రసీదు

పలాస ఆయన రసీదు గుర్తుంది కదా. మీ చేతికొచ్చే రసీదులో పార్టీ పేరు, చిరునామా, పార్టీ పాన్, నమోదు వివరం ఉండాలి. మీ పేరు పాన్ కార్డులో ఎలా ఉందో అలాగే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా, "రావు" ఉందా లేదా అనే చిన్న తేడాలే తర్వాత టెన్షన్ పెడతాయి. మీ పాన్, పూర్తి తేదీ, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ, ఏ పద్ధతిలో కట్టారు, లావాదేవీ నంబరు ఉండాలి. కింద సంతకం, ముద్ర. ఆన్‌లైన్‌లో కడితే రసీదు మెయిల్‌కి వస్తుంది. రాకపోతే వారం లోపలే అడగండి. ఎన్నికలయ్యాక ఆ ఆఫీసులో ఫోన్ ఎత్తేవాళ్లు కూడా ఉండరు.

రసీదు ఫొటో తీసి, ఆ రోజు బ్యాంకు స్టేట్‌మెంట్ పేజీతో కలిపి ఒకచోట దాచండి. యూపీఐ యాప్‌లో పాత లావాదేవీలు వెతకడం తర్వాత పెద్ద పని. నా దగ్గరకొచ్చే వాళ్లలో సగం మంది జులైలో కుర్చీలో కూర్చుని ఫోన్ పైకీ కిందకీ జరుపుతూ అరగంట పోగొట్టుకుంటారు.

పన్నులో ఎంత తగ్గుతుంది?

అందరూ అడిగేది ఇదే, చాలామందికి జవాబు "ఏమీ తగ్గదు". పార్టీకి ఇచ్చిన మొత్తానికి నూటికి నూరు శాతం మినహాయింపు ఇచ్చే 80జీజీసీ సెక్షన్ పాత పన్ను విధానంలోనే పనిచేస్తుంది. కొత్త విధానంలో అది లేదు. మీరు ఏదీ ఎంచుకోకపోతే ఇప్పుడు కొత్త విధానమే మీకు వర్తిస్తుంది. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల రూపాయల ఆదాయం వరకు పన్నే పడటం లేదు కాబట్టి, మన జిల్లాల్లో ఎక్కువమందికి చందా వల్ల పన్నులో మిగిలేది సున్నా. మనసుకు తృప్తి కోసమే ఇస్తున్నామని తెలిసి ఇవ్వండి.

పాత విధానంలో ఉన్నవారికి లెక్క ఇలా ఉంటుంది. పన్ను పడే ఆదాయం ఎనిమిది లక్షలు ఉందనుకోండి, మీరు 20 శాతం శ్లాబులో ఉన్నారు. పార్టీకి 10,000 పంపితే పన్ను 2,000, దాని మీద 4 శాతం సెస్ 80 కలిపి 2,080 రూపాయలు తగ్గుతుంది. మిగతా 7,920 మీ జేబులోంచి పోయినట్టే. మినహాయింపు పేరు విని పది వేలూ తిరిగొస్తాయనుకునేవాళ్లున్నారు, అందుకే ఈ లెక్క. వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు చందా కోసమని పాత విధానంలోకి మారొద్దు. జీతగాళ్లలా వాళ్లు ఏటా ఇటూ అటూ మారడానికి వీల్లేదు.

రిటర్నులో ఈ మినహాయింపుకు వేరే పట్టిక ఉంది. చందా ఇచ్చిన తేదీ, నగదా కాదా, లావాదేవీ నంబరు, బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీ కోడ్ అన్నీ నింపాలి. రసీదు జాగ్రత్తగా దాచమన్నది ఇందుకే. ఆదాయపు పన్ను చట్టం 2025 అమలు తేదీ 2026 ఏప్రిల్ 1, అందులో సెక్షన్ల నంబర్లన్నీ వేరు. ఆ తర్వాతి చందాలకు నంబరు పట్టుకుని వెతక్కుండా "రాజకీయ పార్టీలకు విరాళం" అన్న పేరుతో వెతకండి. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, ఆ ఏడాదికి లెక్క రావాలంటే ఆఖరి రోజు దాకా ఆగకండి.

తొంభై అయిదు వేలు వెనక్కి ఇస్తామనేవాళ్లు

నరసన్నపేట దగ్గర ఊరు నుంచి వెళ్లి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడు ఒకడు సంక్రాంతికి వచ్చినప్పుడు నోటీసు చూపించడానికి నన్ను వాళ్లింటికి పిలిచాడు. ఆఫీసులో ఎవరో ఏజెంటు చెప్పాడట: లక్ష రూపాయలు ఫలానా పార్టీ ఖాతాకు పంపు, ఐదు వేలు ఉంచుకుని 95,000 నీకు తిరిగి ఇచ్చేస్తాం, పన్నులో 31,200 మిగులుతుంది అని. అతని దగ్గర రసీదు ఉంది, యూటీఆర్ నంబరు (బ్యాంకు బదిలీ నంబరు) ఉంది, పాన్ ఉంది. కాగితాలన్నీ బంగారంలా ఉన్నాయి. కానీ డబ్బు తిరిగొచ్చిన ఎంట్రీ కూడా స్టేట్‌మెంట్‌లోనే ఉంది. వాళ్లమ్మ వాకిట్లో ముగ్గు వేస్తూ మధ్యమధ్యలో తలెత్తి మా మొహాలు చూస్తోంది. ఆవిడకి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

పేరుకే ఉన్న పార్టీల ద్వారా నడిచే ఈ దందా మీద ఆదాయపు పన్ను శాఖ కొన్నేళ్లుగా దాడులు చేస్తోంది. 2025 జులైలో దొంగ మినహాయింపుల మీద దేశవ్యాప్తంగా సోదాలు జరిగాయి. అందులో రాజకీయ చందాల మినహాయింపు కూడా ఉంది. పట్టుబడితే తగ్గించుకున్న పన్ను, దాని మీద వడ్డీ, తప్పుడు సమాచారం ఇచ్చినందుకు పన్నుకు రెండింతల దాకా జరిమానా పడొచ్చు. అంటే 31,200 కోసం 62,400 జరిమానా. మీరు ఇప్పటికే ఇలాంటి దానిలో ఇరుక్కుని ఉంటే నోటీసు వచ్చేదాకా కూర్చోకండి. అప్‌డేటెడ్ రిటర్ను (తప్పు సరిదిద్ది మళ్లీ వేసే రిటర్ను) వేసి, అదనపు పన్ను కట్టి బయటపడే దారి ఉంది. ఎంత ముందు వేస్తే అదనం అంత తక్కువ. ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడి ఆలస్యం చేసినవాళ్లే ఎక్కువ కట్టారు.

అభ్యర్థికి ఇచ్చేటప్పుడు

నామినేషన్ వేయడానికి కనీసం ఒక రోజు ముందే అభ్యర్థి ఎన్నికల ఖర్చు కోసం వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. మీరు ఆయన్ని అడగాల్సింది ఆ ఖాతా నంబరే, పాత సేవింగ్స్ ఖాతాది కాదు. ఎన్నికల సమయంలో ఒక మనిషి నుంచి 10,000 రూపాయలకు మించి నగదుగా విరాళం గానీ అప్పు గానీ అభ్యర్థి తీసుకోకూడదు. అంతకు మించితే చెక్కు, బ్యాంకు బదిలీ మాత్రమే.

మన దగ్గర అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థి ఖర్చు 95 లక్షలు దాటకూడదు. నామినేషన్ రోజు నుంచి ఫలితం వచ్చే రోజు దాకా ప్రతి రూపాయీ రిజిస్టరులో రాయాలి, ఫలితం వచ్చిన 30 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి లెక్క అప్పగించాలి. 2024లో జూన్ 4న ఫలితాలొచ్చాయి, జులై 4 లోగా లెక్కలివ్వాలి. సరైన కారణం లేకుండా ఇవ్వని అభ్యర్థిని మూడేళ్లు పోటీకి అనర్హుణ్ణి చేయొచ్చు. అంటే మీరు లెక్కలో పడకుండా ఇచ్చిన డబ్బు మీరు గెలవాలని కోరుకునే మనిషికే ప్రమాదం తెస్తుంది.

డబ్బు కాకుండా వస్తువో సేవో ఇవ్వడం మన వైపు ఇంకా ఎక్కువ. ఆముదాలవలసలో ఒకాయన సొంత ఆటోకి మైకు కట్టించి "ఊరికే తిప్పుతాను, ఒక్క పైసా వద్దు" అన్నారు. ఊరికే ఇచ్చినా దాని విలువ కట్టి అభ్యర్థి ఖర్చులో కలుపుతారు. టెంటు, కుర్చీలు, భోజనాలు, మైకు, కారు, అన్నిటికీ జిల్లా ఎన్నికల అధికారి ముందే ఖరారు చేసిన రేట్లు ఉంటాయి. బండికి అనుమతి తీసుకుని ఆ కాగితం అద్దానికి అంటించాలి. కాబట్టి ఇచ్చే ముందు అభ్యర్థి ఏజెంటుకు చెప్పి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయన గెలుపు కోసం సభ పెట్టడం, ప్రకటన వేయించడం భారతీయ న్యాయ సంహిత 176 సెక్షన్ కింద నేరం, 10,000 రూపాయల దాకా జరిమానా ఉంటుంది.

ఫ్లెక్సీల పిచ్చి మనకు ఎక్కువ. ఏడు రోడ్ల జంక్షన్‌లో అభ్యర్థి పక్కన మీ ఫొటో వేయించుకోవాలని సరదాపడితే, ఎన్నికల కోడ్ లేనప్పుడు నగరపాలక సంస్థ అనుమతితో వేయించుకోండి. ఎన్నికల పోస్టరు, కరపత్రం ఏది వేయించినా దాని మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేరూ చిరునామా ఉండాలి. మీరు సంతకం పెట్టి, మిమ్మల్ని స్వయంగా ఎరిగిన ఇద్దరి చేత ధ్రువీకరించిన డిక్లరేషన్ ప్రెస్సువాళ్లకు రెండు కాపీలు ఇవ్వాలి. ఇది తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 దాకా జరిమానా, లేదా రెండూ. ప్రెస్సువాళ్లు అడగకపోయినా మీరే ఇవ్వండి.

ఇక కోడ్ ఉన్నప్పుడు నగదు పట్టుకుని బయల్దేరకండి. ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం చెక్‌పోస్టు మొదలుకుని దారి పొడవునా తనిఖీలుంటాయి. 50,000 రూపాయలకు మించి నగదు దొరికితే, అదెక్కడిదో కాగితం చూపించాలి. వాహనంలో పార్టీ జెండా, కరపత్రాలు కూడా ఉంటే సీజ్ చేసేస్తారు. జీడిపిక్కలు అమ్మిన డబ్బే అయినా సరే, అమ్మకం బిల్లు గానీ బ్యాంకులో తీసిన స్లిప్పు గానీ దగ్గర ఉంచుకోండి. ఒకవేళ సీజ్ చేస్తే రసీదు అడిగి తీసుకోండి, ఆ కాగితాలతో జిల్లా స్థాయి కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు.

ఎన్నికలైపోయాక మీరు ఇచ్చిన డబ్బు లెక్కలో పడిందో లేదో మీరే చూసుకోవచ్చు. పార్టీకి 20,000 దాటి ఇచ్చి ఉంటే ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఆ పార్టీ ఆ ఏడాది నివేదిక తెరిచి మీ పేరు వెతకండి. అభ్యర్థికి ఇచ్చి ఉంటే ఆయన ఖర్చు లెక్క జిల్లా ఎన్నికల అధికారి దగ్గర ఉంటుంది, ఎవరైనా అడిగి చూడొచ్చు. పలాస ఆయన ఈ ఏడు పార్టీ వెబ్‌సైట్ నుంచి ఐదు వేలు కట్టారు. పన్నులో ఏమీ రాదని తెలిసీ, రసీదు ప్రింటు తీయించి ప్లాస్టిక్ కవరులో పెట్టి నాకు చూపించడానికి తెచ్చారు.